డ్రిఫ్ట్ క్లచ్చు, పుత్తూరు కట్టు

ఒక చిన్న ఇనుప పళ్ళెం కారణంగా తన అవ్వను, మామను, ఒక గొర్రెల మందను, రైల్వే గేటు దగ్గర నిలబడిన పాపానికి పాతికమంది దారిన పోయేవాళ్ళను కష్టపెట్టిన ఘనుడు ఒకడున్నాడు. ఆ ఘనుడే ప్రస్తుతం ఈ వాక్యం రాస్తున్నాడు. ఇది ఘోరమైన కథ. గుండె నిబ్బరం లేనివాళ్ళు పక్కన ఒక చెంబు మజ్జిగ పెట్టుకుని చదవమని మనవి.

అప్పుడు నాకు పాతికేళ్ళు. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. మా నాయన ఏళ్ళ తరబడి నడిపి నడిపి, చివరికి "ఇంగ నీ పాట్లు నువ్వు పడు" అని తాళాలు నా చేతిలో పెట్టిన కారొకటి ఉండేది. దాని కంపెనీ పేరు చెప్పను; వాళ్ళ తప్పేమీ లేదు పాపం. ఒక్క సంగతి చెబితే చాలు: అది వెనక చక్రాలు తోస్తే ముందుకు పోయే పాతకాలపు రకం. ఆ ఒక్క సంగతే నా కొంప ముంచింది. డ్రిఫ్టింగుకి అలాంటి కారే కావాలని నా ఫోను నాకు చెప్పింది మరి.

డ్రిఫ్టింగ్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. మలుపులో కారు ముక్కు ఒకవైపు, తోక ఇంకోవైపు చూస్తూ, టైర్లు పొగలు కక్కుతుండగా కారు అడ్డంగా జారుకుంటూ పోవడమే ఆ విద్య. మామూలు మనుషులు వానాకాలం బురదలో పొరపాటున చేసేదాన్ని, ఎండాకాలంలో కావాలని, సొంత ఖర్చుతో చేయడమన్నమాట. ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోక, హద్దురాళ్ళు మాత్రమే కాపురం ఉంటున్న ఒక లేఅవుట్లో నేను ప్రతి ఆదివారం సాధన చేసేవాణ్ణి. ప్రేక్షకులు మూడు కుక్కలు. మొదటి వారం అరిచాయి. రెండో వారం చూశాయి. మూడో వారం నుంచి నాకు వీపు చూపించి పడుకున్నాయి.

కారు తోక తిప్పాలంటే క్లచ్చు పెడల్‌ని పదే పదే తన్ని వదలాలి. నాలుగు నెలలు తన్నాను. ఐదో నెలలో ఒక ఆదివారం, పెనం మీద మరిచిపోయిన దోసె వాసన వచ్చింది. ఇంజను రంకెలు వేస్తోంది, కారు మాత్రం అడుగు కదలడం లేదు. కుక్కలు మూడూ లేచి కూర్చున్నాయి. ఇన్ని నెలల్లో నేను చేసిన విన్యాసాల్లో వాటికి నచ్చింది అదొక్కటే.

కారును తాడు కట్టి ఈడ్పించుకుని రేణిగుంట రోడ్డులో యేసుపాదం అన్న షెడ్డుకు చేర్చాను. ఆయన మా నాయన కాలం నుంచీ ఆ కారుకు కుటుంబ వైద్యుడు. మాడిన ప్లేటు ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏమప్పా, దీని మీద దోసెలు పోసినావా?"

"కొత్తది వేయాలన్నా."

"ఏస్తా. ముందు నేనడిగేదానికి సెప్పు. ఈ కారు సోమారం యాడికి పోతాది?"

"కాలేజీకి."

"మంగళారం?"

"కాలేజీకే."

"శనారం దాకా?"

"కాలేజీకే అన్నా. కానీ ఆదివారం..."

"ఆదివారం తిరనాళ్ళు, తెలుసులే. ఆరు దినాలు కాపరం, ఒగ దినం కుస్తీ. క్లచ్చనేది కాపరానికి సరిపొయ్యేది సూసుకోవాలప్పా." అంటూ అట్టపెట్టెలోంచి ఒక గుండ్రటి ప్లేటు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నార ప్లేటు. పైన స్ప్రింగు కొంచిం గట్టిది ఏస్తా. నీ కుస్తీకీ తట్టుకుంటాది, నీ కాలికీ తట్టుకుంటాది."

నేను జాలిగా నవ్వి నా ఫోను ఆయన ముందు పెట్టాను.

ఇక్కడ క్లచ్చు సంగతి రెండు ముక్కలు చెప్పాలి. ఇంజనుది ఒక ఇల్లు, చక్రాలది ఒక ఇల్లు. మధ్యలో సంబంధం కుదిర్చే పెళ్ళిళ్ళ పేరయ్య క్లచ్చు. మామూలు ప్లేటు నిదానస్తుడు. ఇటు రెండు మంచి మాటలు, అటు రెండు మంచి మాటలు చెప్పి మెల్లగా కలుపుతాడు. నా ఫోనులో ఉన్నది ఆ బాపతు కాదు. ఆరు రేకుల పువ్వులా ఉంటుంది. ఒక్కో రేకు కొసన ఒక లోహపు బిళ్ళ. దాన్ని అదిమిపట్టే స్ప్రింగు మామూలుదానికి రెండింతలు గట్టిది. ఈ పేరయ్యకు మాటలు రావు. ఇద్దరి జుట్టూ పట్టుకుని తలకాయలు టప్పున కొట్టిస్తాడు. శుభం.

"ఇది పందెం కార్లకప్పా," అన్నాడు యేసుపాదం అన్న. "వాళ్ళు బయల్దేరేది ఒగతూరి, ఆగేది ఒగతూరి. మనం బస్టాండు కాడ నిముసానికి నాలుగు తూర్లు ఆగేటోళ్ళం. దీన్ని తొక్కేకి కాలు సాలదు, ఏనుగు కావాల."

"నా కాలు గట్టిదే అన్నా."

"నీ కాలు సంగతి అట్లుండనీ. క్లచ్చు ఎంచుకునేది ఇంజన్ను సూసి కాదు, లోపల కూసునేవాళ్ళను సూసి. నీ కార్లో ఇంగెవురూ కూసోరా?"

"నేనొక్కణ్ణే," అన్నాను గర్వంగా. కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోకపోవడం కూడా గర్వపడే విషయమే అనుకునే వయసు అది.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నా కారుకు మూడే పెడళ్ళు. ఆ ఆరు రేకుల పువ్వును చెన్నై నుంచి తెప్పించాను. యేసుపాదం అన్న దాన్ని బిగించి, తాళం నా చేతిలో పెడుతూ ఒక్క మాట అన్నాడు: "ఆదివారం ప్రార్థనలో నీ పేరు సేరుస్తాలే."

షెడ్డు నుంచి ఇంటికి నేను కారు నడపలేదు. కారు గెంతింది, లోపల నేనూ గెంతాను. మెడలో కాడి పడిన కోడెదూడను ఎప్పుడైనా చూశారా? అదే నడక. పెడల్ తొక్కడమంటే బండరాయిని కాలితో నెట్టడం. వదలడమంటే ఆ రాయి తిరిగొచ్చి తన్నడం. పక్క సీట్లో ఉన్న సాంబారు క్యారియరు మొదటి సిగ్నలు దగ్గరే ముందు అద్దానికి అభిషేకం చేసేసింది. అద్దం తుడుచుకుంటూ కూడా నేనేమనుకున్నానో తెలుసా? "ఆహా, ఏం పట్టు!"

సరిగ్గా మూడో రోజు పొద్దున శ్రీకాళహస్తి నుంచి కోదండం మామ ఫోను చేశాడు.

"ఒరే, మీ అవ్వ జారి పడింది. తడిసిన గుడ్డలు జాడిస్తా బండ మీద కాలు జారింది. కుడి చెయ్యి."

మా అవ్వ, అంటే అమ్మకు అమ్మ, కోదండం మామ దగ్గరే ఉంటుంది. కలంకారీ గీసే మనిషి. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దారం కట్టి, దాన్ని నల్లరంగులో ముంచి గుడ్డ మీద గీస్తుంది. ఆ వీధిలో గీసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ బొమ్మలకు కళ్ళు పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం గుడ్డ చుట్టుకుని మా అవ్వ గడప తొక్కుతారు. కంటిగీత ఒక్క పట్టున పడాలి. తుడిచి మళ్ళీ గీసే వీలుండదు. ఆ గీత పెట్టే చెయ్యి విరిగింది.

"ఎక్స్‌రే తీసినారు," అన్నాడు మామ. "మణికట్టు కాడ ఎముక సిట్లిందంట. ఇంకా పక్కకు జరగలేదంట, జరిగితే సెయ్యి వంకర పోతాదంట. అదరకుండా సూసుకోమన్నారు. మీ అవ్వేమో పుత్తూరికే పోవాలంటాది."

మా వైపు ఎముక విరిగితే ఎవరికి చూపించాలన్న ప్రశ్న పుట్టదు. పసరు కట్టుతో ఎముకలు అతికించే పుత్తూరికి ఎట్లా పోవాలన్నదే ప్రశ్న.

"ఆటో మాట్లాడతా ఉండా," అన్నాడు మామ.

"ఆటోనా! గుంతల్లో ఎముక జరిగిపోదా మామా? నేనొస్తా ఉండు. నా కార్లో మెత్తగా తీసకపోదాం."

మెత్తగా! ఆ మాట అన్న నోటికి వేయాలి ముందు కట్టు.

నేను వెళ్ళేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. కుడిచేతికి తువ్వాలు చుట్టి, ఒళ్ళో దిండు పెట్టి, దిండు మీద ఆ చేతిని నిద్రపోతున్న పసిబిడ్డలా పడుకోబెట్టారు.

"వచ్చినావా నాయనా! సూడ్రా కోదండా, మనవడంటే ఈడు. ఫోను సేసిన గంటకి కారు తెచ్చి వాకిట్లో పెట్టినాడు."

అవ్వను ముందు సీట్లో, మామను వెనక సీట్లో కూర్చోబెట్టాను. దేవుణ్ణి తలుచుకుని పెడల్ తొక్కాను. వెంట్రుకవాసి వదిలాను. ఏమీ జరగలేదు. ఇంకో వెంట్రుక వదిలాను. కారు ఎగిరి వీధి మధ్యలో దూకింది.

"అబ్బా!" అంది అవ్వ.

వెనక సీట్లో మామ తల పైకప్పుకు తగిలిన చప్పుడు వేరుగా వినిపించింది. "ఏమిరా ఇది, కారా, ఎనుబోతా?"

"క్లచ్చు కొత్తది మామా."

"కొత్తదైతే ఇట్లుంటాదా? పాతది యాడ పారేసినావో సెప్పు, ఎత్తకొచ్చుకుందాం."

వీధి మొగలో ఒక బండి అడ్డం వచ్చింది. ఆపాను. మళ్ళీ కదిలించాను. మళ్ళీ దూకింది. పక్కకు చూశాను. కింది పెదవిని పళ్ళ కింద నొక్కిపట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నేను చూస్తున్నానని ఎలా తెలిసిందో, కళ్ళు తెరిచి నవ్వింది. "ఏం లేదులేరా. నువ్వు పా."

నన్ను ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు సమాధానం చెప్పొచ్చు. ఆ నవ్వుకు నేనేం చెప్పను? కారును ఆపకుండానే రోడ్డు పక్కగా పాకిస్తూ, నిజం మొత్తం కక్కేశాను: డ్రిఫ్టింగు, దోసె వాసన, ఆరు రేకుల పువ్వు, యేసుపాదం అన్న మాట పెడచెవిన పెట్టడం, అన్నీ.

మామ పళ్ళు కొరికాడు. అవ్వ మాత్రం శ్రద్ధగా విని, "ఆ తొక్కేది ఎప్పుడెప్పుడు తొక్కాల?" అని అడిగింది.

"ఆగేటప్పుడు, బయల్దేరేటప్పుడు, గేరు మార్చేటప్పుడు."

"ఇప్పుడు నన్ను కుదిపింది బయల్దేరేటప్పుడే కదా? పోతా ఉన్నప్పుడు కుదుపు లేదే?"

"లేదవ్వా."

"అట్లయితే నిలపద్దు. కలం గుడ్డ మీద ఆనిచ్చినాక నడాన ఆపినామంటే ఆడ మరక ఊరతాది. ఆపకుండా లాగాల. నిదానంగానైనా పా, ఆపద్దంతే."

డెబ్బై ఏళ్ళు దాటిన, జీవితంలో స్టీరింగు ముట్టని మనిషి, నా ఫోను నాలుగు నెలల్లో నేర్పలేని సంగతిని అర నిమిషంలో చెప్పింది. ఇక మా లక్ష్యం ఒక్కటే: శ్రీకాళహస్తి నుంచి పుత్తూరు దాకా ఆగకుండా పోవడం. ఆగితే మళ్ళీ కదలాలి. కదిలితే ఎముక జరుగుతుంది. ఎముక జరిగితే ఆ చెయ్యి మళ్ళీ కన్ను గీయదు.

ఏర్పేడు దాకా బాగానే సాగింది. మామ వెనక కిటికీలోంచి నడుం దాకా బయటికి వాలి, ఎర్ర తువ్వాలు గిరగిరా తిప్పుతూ, "ఆగదు! ఆగదు! జరగండి!" అని కేకలు పెడుతున్నాడు. బ్రేకులు పోయాయనుకుని జనం దండాలు పెడుతూ తప్పుకున్నారు. మేం పోతున్నది గంటకు పాతిక కిలోమీటర్లు కూడా లేదు.

తర్వాత గొర్రెల మంద వచ్చింది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉన్ని.

"ఆపప్పా!" అని కర్ర ఎత్తాడు కాపరి.

"ఆగదప్పా!" అన్నాడు మామ.

"బ్రేకు లేదా?"

"ఉండాది! తొక్కేదానికి లేదు!"

కాపరి తన జీవితంలో ఇంత తిక్క సమాధానం విని ఉండడు. నేను మొదటి గేరులో, పెడళ్ళ మీద నుంచి కాళ్ళు తీసేసి, కారు దానంతట అది పాకేలా వదిలాను. మామ కదులుతున్న కారులోంచి దిగి, గొర్రెల మధ్య నడుస్తూ, "హేయ్, హోయ్, తల్లీ, నాయనా, కొంచిం జరగండి" అని ఒక్కోదాన్నీ బతిమాలుతూ దారి చేశాడు. ఒక పొట్టేలు బంపరును రెండుసార్లు పొడిచి చూసి, తనకంటే మొండిదని గ్రహించి తప్పుకుంది. మంద దాటాక మామ పరుగెత్తుకొచ్చి, కదిలే కారులోకి తల ముందు, చెప్పులు తర్వాత ఎక్కాడు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వబోయి, చెయ్యి గుర్తొచ్చి మానుకుంది.

రేణిగుంట దాటాక ఒక రైల్వే గేటు. పడి ఉంది.

తువ్వాళ్ళు ఊపితే రైళ్ళు తప్పుకోవు. ఆపాను. ఇంకో అవమానం కూడా చెప్పేస్తాను, ఎలాగూ పరువు మిగల్లేదు. న్యూట్రల్ అనేదొకటి ఉంటుందని, గేరును అక్కడ పెట్టి కాలు తీసేయొచ్చని నాకు ఆ భయంలో తట్టలేదు. కాలు తీస్తే దూకుతుందన్న ఒక్క ఆలోచనతో పెడల్‌ని అడుగంటా తొక్కిపట్టి కూర్చున్నాను. ఒక గూడ్సు పోయింది. గేటు తెరవలేదు. ఇంకో గూడ్సు వచ్చింది. నా ఎడమ తొడ ముందు వణికింది, తర్వాత మండింది, తర్వాత నాతో సంబంధం తెంచుకుంది.

ఈలోగా మామ దిగి జనానికి సంగతి చెప్పేశాడు. "మా అమ్మకు సెయ్యి ఇరిగిందబ్బా. పుత్తూరికి పోతా ఉండాము. ఈ కారు బయల్దేరేటప్పుడు ఎగురుతాది."

'పుత్తూరు' అన్న మాట ఎంత పని చేసిందంటే, అంతదాకా విసుగ్గా హారన్లు కొడుతున్నవాళ్ళంతా కిటికీ దగ్గరికి వచ్చేశారు. పాలక్యాన్ల ఆయన మోచెయ్యి చాపాడు. "సూడమ్మా, ఇదీ పుత్తూరు కట్టే. ఇప్పుడు ఈ సేత్తోనే ముప్పై లీటర్లు ఎత్తుతా ఉండా." పూలబుట్ట ఆమె పాదం చూపించింది. "నాదీ ఆడే అవ్వా. ఏం భయపడాకు." మెడలో సిలువ ఉన్న ఒక పెద్దాయన భుజం తిప్పి చూపించాడు, కిర్రుమని శబ్దం కూడా వినిపించాడు. అక్కడ నిలబడ్డవాళ్ళలో సగం మందిని ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరే అతికించి పంపిందని తేలింది.

"ఎగిరేది నిలబడి బయల్దేరితేనే కదా?" అన్నాడు పాలాయన. "మేం తోస్తాం. కారు నడస్తా ఉన్నప్పుడు నువ్వు కాలు తియ్యి. అది ఎగిరేదానికి ఏముంటాది?"

గేటు లేచింది. మామ వెనక సీట్లోకి దూరాడు. పదిమంది వెనక చేతులు వేశారు. "గోవిందా!" అని ఒకరు మొదలుపెట్టారు, సిలువ పెద్దాయన "హైలెస్సా!" అన్నాడు, రెండూ కలిసి ఒక పాటయ్యాయి. కారు రథంలా కదిలింది. పట్టాలు దాటింది. చక్రాలు తమంతట తాము పరుగు అందుకున్నాక, ఊపిరి బిగబట్టి పెడల్ వదిలాను. ఆ మొండి పేరయ్య మొదటిసారి మర్యాదగా ఇద్దరి చేతులూ కలిపాడు. కుదుపు లేదు. దిండు మీద చెయ్యి దిండు మీదే ఉంది.

వెనక అద్దంలో పదిమందీ రోడ్డు మధ్యలో నిలబడి చేతులు ఊపుతున్నారు. మామ తువ్వాలు ఊపడం మాని దాంతో కళ్ళు తుడుచుకున్నాడు. "దుమ్ము," అన్నాడు నేను అడగకుండానే.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన అవ్వ మణికట్టును రెండు వేళ్ళతో తడుముతూ, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. మేం ముగ్గురం ఆయన ముఖమే చూస్తున్నాం.

"జరగలేదు," అన్నాడు చివరికి. "సిట్లింది సిట్లినట్టే నిలబడి ఉండాది. దారిలో బాగా తెచ్చినారే! ఎవురు నడిపింది?"

నేను తల దించుకున్నాను. మామ గొంతు సవరించుకున్నాడు. అవ్వ మా ఇద్దరికీ అవకాశం ఇవ్వలేదు.

"నా మనవడు సామీ. పూలపల్లకీలో కూసోబెట్టి తెచ్చినట్టు తెచ్చినాడు."

ఆమె కింది పెదవి మీద పళ్ళ గుర్తులు నాలుగు, ఎర్రగా, అలాగే ఉన్నాయి.

ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ. కట్టు పూర్తయింది. అవ్వను లేవదీద్దామని నేను బెంచీ మీద నుంచి లేచాను. అంటే, కుడికాలు లేచింది. ఎడమకాలు అందుకు సమ్మతించలేదు. పెద్దాయన పాదాల దగ్గర సాష్టాంగపడ్డాను. భక్తి అనుకుని ఆశీర్వదించబోయి, నా మోకాలు చూసి ఆగాడు.

"ఇదెవురబ్బా, ఇంగో కేసా? యాడ పడినావు?"

"పడలేదు సామీ. తొక్కినాను."

"ఏం తొక్కినావు?"

"క్లచ్చు."

నలభై ఏళ్ళుగా చెట్లెక్కి పడ్డవాళ్ళను, ఎద్దులు పొడిచినవాళ్ళను చూసిన మనిషి, ఈ జబ్బు మాత్రం మొదటిసారి చూస్తున్నానన్నాడు. మోకాలి నరం పట్టేసిందని చెప్పి, అవ్వకు మిగిలిన పసరుతోనే నాకూ కట్టాడు. క్లచ్చు తొక్కనేల, కాలు కట్టనేల!

కారును ఆ వాకిట్లోనే వదిలి ముగ్గురం బస్సెక్కాం. అవ్వకు కుడిచెయ్యి లేదు, నాకు ఎడమకాలు లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషికి సరిపోతాం. డ్రైవరు బస్సును కదిలించిన తీరుకు కిటికీ పక్కన అవ్వ నిద్రలోంచి కూడా లేవలేదు. అంత పెద్ద బస్సు, అంతమంది జనం, అంత మెత్తగా వదిలిన ఒక కాలు. నాకు లేచి వెళ్ళి ఆ కాలికి దండం పెట్టాలనిపించింది. లేవలేక మానుకున్నాను.

నెలన్నరకు అవ్వ కట్టు విప్పారు. మరో నెలకు కలం పట్టింది. మొదటి కన్ను గీసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. గీత ఒక్క పట్టున పడింది. ఎవరి కన్ను గీసిందో చెప్పలేను. నా కళ్ళకు అప్పటికి సరిగా కనిపించడం లేదు. దుమ్ము.

కారును పుత్తూరు నుంచి ఈడ్పించుకొచ్చాక యేసుపాదం అన్న ఆ ఆరు రేకుల పువ్వును ఊడదీసి నారప్లేటు వేశాడు. ఒక్క మాట దెప్పలేదు. ఆ మంచితనం నా మోకాలి కంటే ఎక్కువ నొప్పెట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆదివారాలు లేఅవుట్‌కు పోతుంటాను. తోక తిరుగుతుంది, ఒక మాదిరిగా. కుక్కలు చూడటం లేదు.

అంతటితో ముగిసిందనుకున్నారా? నేనూ అనుకున్నాను. కానీ అవ్వ తన పూలపల్లకీ అబద్ధాన్ని పుత్తూరులో వదిలి రాలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. వాళ్ళు వాళ్ళ ఊళ్ళలో చెప్పారు. ఈరోజు మా బంధువర్గంలో ఎవరి ఎముక చిట్లినా మొదటి ఫోను నాకే వస్తుంది. ఇప్పటికి తొమ్మిది చేతులు, నాలుగు కాళ్ళు, ఒక తుంటి పుత్తూరుకు చేర్చాను.

కాబట్టి సకల బంధుమిత్రుల సమక్షంలో, నా ఎడమ మోకాలి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక నా కంఠంలో ప్రాణముండగా ఏ కారుకూ ఫోను చూసి క్లచ్చు ఎంచను, మెకానిక్కు మాటకు ఎదురు చెప్పను, 'మెత్తగా తీసకపోతా' అన్న మాట పొరపాటున కూడా నోట...

ఒక్క నిమిషం. పూతలపట్టు నుంచి ఫోను. మా పిన్ని మామగారు మామిడికొమ్మ విరిగి కింద పడ్డారట. భుజమట. "ఇంగెవురూ వద్దు, ఆ పల్లకీ పిల్లోణ్ణే పిలిపించండి" అంటున్నారట.

"వస్తా ఉండా పిన్నీ," అన్నాను. "మెత్తగా తీసకపోదాం."